ఏడయితే షిఫ్ట్ దిగాల్సిందే!

ఇంటర్ పరీక్షలు అయిపోయాయంటే చాలు, నా ఇన్‌బాక్స్‌లో ఒకటే ప్రశ్న. ‘‘నాకింకా పద్దెనిమిది నిండలేదు. పార్ట్‌టైమ్ జాబ్ చేయొచ్చా? పర్మిట్ లాంటిది ఏమైనా తీసుకోవాలా?’’

చేయొచ్చు. అమెరికాలో, కాలిఫోర్నియా లాంటి చోట్ల, మైనర్లు స్కూలు ద్వారా వర్క్ పర్మిట్ తెచ్చుకోవాలి. మన బాలకార్మిక చట్టంలో మీరు తెచ్చుకోవాల్సిన కాగితం లేదు. షరతులన్నీ పని ఇచ్చేవాళ్లకే.

1986 నాటి ఈ చట్టాన్ని 2016లో సవరించారు. 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు. బడి అయ్యాక సొంతింటి వ్యాపారంలో సాయం చేయడం, సినిమాల్లో నటించడం లాంటివే మినహాయింపులు. 14 నిండి 18 నిండని వాళ్లని గనులు, పేలుడు పదార్థాల్లాంటి ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. మిగతా పనుల్లో పెట్టుకోవచ్చు, కానీ టైమ్ లెక్క పక్కాగా ఉండాలి:

• ఏకధాటిగా 3 గంటలే. తర్వాత గంట విశ్రాంతి.
• విశ్రాంతితో కలిపి రోజుకి 6 గంటలు దాటకూడదు. పని కోసం ఖాళీగా కూర్చోబెట్టిన టైమూ ఇందులోకే వస్తుంది.
• రాత్రి 7 నుంచి పొద్దున 8 దాకా పని చేయించకూడదు.
• ఓవర్‌టైమ్ లేదు. వారానికో రోజు సెలవు.

చిక్కంతా ఆ ఏడు గంటల దగ్గరే. పెళ్లిళ్ల కేటరింగ్, టిఫిన్ సెంటర్లు, డెలివరీలు... మనవాళ్లకి దొరికే పనులన్నీ దీపాలు పెట్టాకే ఊపందుకుంటాయి. అందుకే ‘‘ఎవరైనా అడిగితే పంతొమ్మిది అని చెప్పు’’ అంటారు. కొందరైతే అన్నయ్య ఐడీతో డెలివరీకి వెళ్తుంటారు.

వద్దు తమ్ముడూ, వద్దు చెల్లీ. మీ వయసే మీకు రక్ష. అది దాచేస్తే, రేపు చెయ్యి కాలినా, జీతం ఎగ్గొట్టినా ‘‘పంతొమ్మిదన్నాడు, నాకేం తెలుసు’’ అని తప్పించుకోవడం వాళ్లకి తేలిక. ఇక బండి సంగతి: గేర్ల బైకుకి లైసెన్సు 18 నిండాకే. ఈలోపు దొరికితే బండి ఓనరుకో, అమ్మానాన్నలకో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. మీకేమో 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

చేరేటప్పుడు టెన్త్ మెమో జిరాక్స్ ఇవ్వండి. టైమింగ్స్, జీతం వాట్సాప్‌లో మెసేజ్‌గా పెట్టించుకోండి. ఏ రోజు ఎన్ని గంటలు చేశారో ఫోన్‌లో రాసుకోండి. రాత్రిళ్లు బలవంతంగా ఉంచేస్తుంటే 1098కి ఫోన్ చేయండి. ఆ నంబరు 18 ఏళ్లలోపు అందరిదీ.