క్యాసెట్టు పోయింది, సీడీ పోయింది... రేపు మన జ్ఞాపకాలో?

– పూర్వ విద్యార్థి, ఎం.ఏ. రెండవ సంవత్సరం



మా నాన్న చిన్నతనంలో ఊళ్ళో సినిమా వేయాలంటే టీవీ, డెక్కు అద్దెకు తెచ్చేవారట. పెద్దల ఇంటి ముందు వేస్తే మా పేటవాళ్ళు దూరంగా నిలబడి చూసేవారట. తర్వాత సీడీలు వచ్చాయి. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మింది. కూలి చేసుకునే మా ఇంట్లోకి కూడా సొంత సినిమా వచ్చింది. 2016లో జియో వచ్చాక అదంతా సెల్‌ఫోన్‌లోకి మారింది. ఇప్పుడు ఎవరి గుమ్మం ముందూ నిలబడనక్కర లేదు. కాబట్టి సాంకేతిక ప్రగతిని తిట్టడం నా ఉద్దేశం కాదు.

అయితే ఒక విషయం ఆలోచించాలి. వీహెచ్ఎస్ క్యాసెట్టు 1976లో, డీవీడీ 1996లో, బ్లూరే 2006లో వచ్చాయి. వచ్చిన ప్రతిదీ పాతదాన్ని పక్కకు నెట్టింది. జపాన్‌కు చెందిన ఫునాయ్ 2016లో వీసీఆర్ల తయారీ ఆపేసింది. డీవీడీలను పోస్టులో అద్దెకు పంపుతూ పెరిగిన నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరులో ఆ పని మానేసింది. ఇంట్లో రికార్డు చేసుకునే బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో నిలిపివేసింది.

'ఏం పోయింది, అన్నీ నెట్‌లో ఉన్నాయి కదా' అంటాడు నా రూమ్మేట్. 2023 డిసెంబరులో ప్లేస్టేషన్‌లో డబ్బిచ్చి కొన్న డిస్కవరీ కార్యక్రమాలు తొలగిపోతాయని సోనీ ప్రకటించింది. గోల చేశాక వెనక్కి తగ్గింది. రెండేళ్ళు వాడని ఖాతాలను తొలగించే నిబంధనను గూగుల్ కూడా 2023లోనే తెచ్చింది. అంటే అక్కడ మనం అద్దెకున్నవాళ్ళమే, ఇంటివాళ్ళం కాదు.

నా అనుభవం చెబుతాను. మా నాన్నమ్మ గొంతు ఒకే ఒక్క చోట ఉంది. 2009లో మా అక్క పెళ్ళి డీవీడీలో ఆమె పెళ్ళిపాట పాడింది. బడి ముఖం చూడని మనిషి, పాటలన్నీ నోటికే. ఇప్పుడామె లేదు. మా డీవీడీ ప్లేయరు ఎప్పుడో పాడైంది. నా లాప్‌టాప్‌కు డిస్కు పెట్టే చోటే లేదు. మొన్న సంక్రాంతికి పక్క వీధిలో ఒక ప్లేయరు దొరికితే వేసి చూశాం. గీతలు పడి పాట సగంలో ఆగిపోయింది. ఆ మిగతా సగం ఏ యూట్యూబ్‌లోనూ దొరకదు.

కాబట్టి డిస్కు కూడా శాశ్వతం కాదు. సినిమా డిస్కులు ఇక సేకరించేవాళ్ళ ముచ్చటగానే మిగులుతాయని నా అభిప్రాయం. సినిమాల సంగతి కంపెనీలు చూసుకుంటాయి. చూసుకోకపోతే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటు నేడు దొరకడం లేదు. ఇక మన పేటల పాటలను, మన హాస్టల్ నాటకాలను, అంబేడ్కర్ జయంతి ఉపన్యాసాలను ఎవరు దాస్తారు?

అందుకే నాదొక ప్రతిపాదన. పూర్వ విద్యార్థులు తమ దగ్గరున్న వార్షికోత్సవాల క్యాసెట్లు, డిస్కులు తీసుకురావాలి. ఆడించే ప్లేయర్లు ఎక్కడో ఒకచోట ఉండగానే వాటిని హార్డ్ డిస్కులోకి ఎక్కించాలి. ఒక కాపీ హాస్టల్ గ్రంథాలయంలో, మరొకటి పూర్వ విద్యార్థుల వద్ద ఉండాలి. ఏటా వార్షికోత్సవం నాడు తెరిచి చూసి, పాతబడితే కొత్తదానిలోకి మార్చాలి. ఏ సంవత్సరం, ఎవరెవరు ఉన్నారు అన్నది ఒక నోటుబుక్కులో రాయాలి. తలా కొంత వేసుకుంటే ఇది పెద్ద ఖర్చు కాదు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మా తాతలు తమ సంగతులు రాసి పెట్టలేదంటే వాళ్ళకు అక్షరం అందనివ్వలేదు. మనకు ఆ సాకు లేదు. తమ్ముళ్ళూ, ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళగానే ముందు అటకమీది డబ్బా దించండి.