హోసూరు కబుర్లు: పిలిస్తే వచ్చిన పిట్ట

ఈసారి మన సంఘం ఉగాది వేడుకల్లో నన్ను ఆపి నలుగురైదుగురు ఒకటే ప్రశ్న అడిగారు. "మా అబ్బాయికి పిట్టల ఫోటోల పిచ్చి పట్టుకుందండీ, ఏ కెమేరా కొనమంటారు?" అని. పులిహోర చేతిలో పెట్టుకుని చెప్పే విషయం కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను. ముందు కెమేరా సంగతులు చెబుతాను. ఆ తర్వాత ఏ దుకాణంలోనూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. అది నేను చేసిన తప్పు గురించి.

1992లో నేనొక పాత ఫిల్ము కెమేరా, 200 మిల్లీమీటర్ల లెన్సు కొన్నాను. రోలుకు 36 ఫోటోలు. ఒక ఆదివారం రామనాయకన్ చెరువు గట్టున కూర్చుని రోలంతా గూడబాతుల మీదే ఖర్చు పెట్టాను. వారం తర్వాత కడిగించి తెస్తే నీళ్ళ మీద తెల్లటి చుక్కలు తప్ప ఏమీ లేవు. మా ఆవిడ చూసి, "ఇవి గూడబాతులా, థర్మోకోల్ ముక్కలా?" అంది. ఆ రోజు నుంచి నాకు పట్టుకున్న జబ్బు ఒకటే, ఇంకా దగ్గరగా చూపించే లెన్సు కావాలని.

ఇప్పుడు ఆ బాధ తక్కువ. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు లెన్సు మార్చే పని లేని సూపర్‌జూమ్ కెమేరా ఒకటి కొనుక్కుంటే చాలు. ఏడాది తర్వాత కూడా ఆ పిచ్చి వదలకపోతే అప్పుడు 150-600 లెన్సు గురించి ఆలోచించండి. అది దాదాపు రెండు కిలోల బరువు. చేత్తో పట్టుకుంటే పది నిమిషాల్లో భుజం మొరాయిస్తుంది. మా ఆవిడ పాత జీన్సు ప్యాంటు కాలు కత్తిరించి సంచీ కుట్టి, అందులో రాగులు పోసింది. కారు కిటికీ మీద ఆ సంచీ వేసి, దాని మీద లెన్సు ఆనిస్తే కదలదు. ఒక వానాకాలం తర్వాత విప్పి చూస్తే రాగులన్నీ పురుగులు పట్టాయి. కనుక ఆర్నెల్లకొకసారి మార్చండి. లెన్సును సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టకపోతే దానికీ బూజు పడుతుంది. ఎండ మీ వీపు వెనక ఉండేలా నిలబడండి. ఎగిరే పిట్టకు షట్టరు వేగం సెకనులో రెండువేలవ వంతు ఉంటే మంచిది.

ఎక్కడికి వెళ్ళాలంటే, మన హోసూరు వాళ్ళకు కెలవరపల్లి జలాశయం ఉండనే ఉంది. చలికాలం ఉదయాల్లో అక్కడ నీటికాకులు, బొల్లికోళ్ళు, లకుముకి పిట్టలు, ఎర్రకాళ్ళ కొంగలు కనిపిస్తాయి. కృష్ణగిరి వాళ్ళకు 1950ల్లో కట్టిన కె.ఆర్.పి. డ్యాము, పక్కనే అవదానపట్టి చెరువు ఉన్నాయి. మేలగిరి అడవుల్లో 2014లో కావేరి ఉత్తర అభయారణ్యం, 2022లో కావేరి దక్షిణ అభయారణ్యం ఏర్పడ్డాయి. అటవీశాఖ అనుమతి లేకుండా అటు వెళ్ళకండి. చలికాలంలో, రాగి పంట చేతికొచ్చే వేళకు, బన్నేరుఘట్ట వైపు నుంచి ఏనుగుల మందలు తళి, డెంకణికోట దాకా వస్తాయి. ఫోటో కోసం పొలం గట్ల మీద తిరిగితే ప్రమాదం.

కెలవరపల్లికి వచ్చే నది గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఉత్తర పెన్న, దక్షిణ పెన్న రెండూ నందికొండల ప్రాంతంలో పుట్టిన అక్కాచెల్లెళ్ళు. అక్క నెల్లూరుకు పోయింది. చెల్లెలు బెంగళూరు అంచు తాకుతూ, ఆ నగరం మురుగంతా కలుపుకుని మన దగ్గరికి వచ్చింది. వానాకాలంలో గేట్లు తెరిస్తే కొన్నిసార్లు మనిషి ఎత్తున తెల్లటి నురుగు లేస్తుంది. ఆ నురుగు ఒడ్డునే నిలబడి నేను తీసిన కొంగ ఫోటోలు ఎంతో ముచ్చటగా ఉంటాయి. ఎందుకంటే పెద్ద లెన్సు కొంగను మాత్రమే చూపిస్తుంది. నురుగు ఫోటోలో పడదు.

ఇక నా తప్పు గురించి.

పసుపు గొంతు పికిలిపిట్ట అని ఒకటుంది. దక్షిణ భారతంలోని రాతికొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ దొర 1840ల్లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఇప్పుడది ముప్పులో ఉన్న పక్షుల జాబితాలో ఉంది. 2015 ఏప్రిల్‌లో మన జిల్లాలోనే ఒక బండల కొండ మీద అది నాకు కనిపించింది. ఆ కొండ పేరు చెప్పను. కారణం మీకే తెలుస్తుంది.

అది మహా బిడియపు పిట్ట, పొద చాటు వదలదు. అప్పటికే ఫోన్లో పిట్టల కూతలు వినిపించడం మాలాంటివాళ్ళకు అలవాటయింది. నేనూ ఆ పిట్ట కూత పెట్టాను. నిమిషంలో ఎదుట బండ మీదికి వచ్చి వాలింది! మూడు ఉదయాలు వెళ్ళాను, మూడు ఉదయాలూ పిలిచాను. నోరు తెరిచి, గొంతు పసుపంతా కనబడేలా కూస్తున్న ఫోటో దొరికింది. చూసినవాళ్ళందరూ "ఎంత చక్కగా పాడుతోందో!" అన్నారు. పెద్దది చేయించి హాల్లో తగిలించాను.

ఆ మూడో రోజు కొండ దిగుతుంటే మేకలు కాసే ఒక పెద్దమ్మ ఎదురైంది. మన హోసూరు తెలుగే. "ఏమప్పా, మూడు దినాలుగా చూస్తా ఉండాను. నువ్వు పిలిస్తే అది ఉరుక్కుంటా వస్తాది. వచ్చిన దానికి నువ్వేమి పెడతావు?" అంది. నవ్వేసి వచ్చేశాను.

ఆ మాట మాత్రం వదల్లేదు. కొన్ని వారాల తర్వాత కంప్యూటర్లో మొదటి రోజు ఫోటోలన్నీ వరుసగా చూశాను. బాగా రాలేదని పక్కన పెట్టిన ఒక ఫోటోలో పిట్ట ముక్కున ఆకుపచ్చ గొంగళిపురుగు ఉంది. తర్వాతి ఫోటోలో నోరు తెరిచి కూస్తోంది, పురుగు లేదు. అంటే ఎక్కడో పొదలో పిల్లలున్నాయి. వాటికి మేత తీసుకుపోతూ, తన జాగాలోకి ఇంకో పికిలి వచ్చిందని భ్రమపడి, మేత వదిలేసి నా ఫోను మీదికి యుద్ధానికి వచ్చింది. మేమందరం పాట అనుకున్నది పాట కాదు. మూడు ఉదయాలు ఎన్నిసార్లు అలా వదిలేసిందో నేను లెక్కపెట్టలేదు.

మరుసటి ఏడాది ఫోను తీయకుండా వెళ్ళి రెండు గంటలు కూర్చున్నాను. ఆ బండ మీదికి ఏ పిట్టా రాలేదు. కారణం నేనే అని చెప్పలేను, కాదనీ చెప్పలేను.

శివగంగ జిల్లా వేట్టంగుడి ఊళ్ళో చెరువుకు వచ్చే పక్షులు బెదరకూడదని దీపావళికి టపాకాయలు కాల్చరు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఏటా వచ్చే కొంగల్ని ఊరివాళ్ళు సొంతబిడ్డల్లా చూసుకుంటారు. వాళ్ళెవరి దగ్గరా పెద్ద లెన్సులు లేవు.

కనుక మీ పిల్లలకు కెమేరా కొనిచ్చేటప్పుడు ఈ మాటలు కూడా చెప్పండి. కూతలు వినిపించి పిట్టను పిలవద్దు. గూడు కనబడితే ఫోటో తీయకుండా వెనక్కి వచ్చేయాలి. గూళ్ళున్న చోటు నలుగురికీ చెప్పద్దు. పిట్ట మెడ ఎత్తి మనవైపే చూస్తుంటే మనం మరీ దగ్గరికి వెళ్ళినట్టే లెక్క. ఇంకొకటి, ఇంగ్లీషు పేరుతోబాటు తెలుగు పేరూ నేర్పండి. బొల్లికోడి, గూడబాతు, లకుముకి అని పిల్లలు పిలుస్తుంటే వినడానికి ఎంత బాగుంటుందో!

మా హాల్లో ఇప్పుడు ఆ పాట ఫోటో లేదు. దాని చోట గొంగళిపురుగు ఫోటో తగిలించాను. కాస్త మసకగా ఉంటుంది. ఇంటికి వచ్చినవాళ్ళు, "ఇంత మంచి లెన్సు పెట్టుకుని దీన్నెందుకు తగిలించారండీ?" అంటారు. కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, మీకు చెప్పిన ఈ కథే వాళ్ళకూ చెబుతుంటాను.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.