చౌక వస్తువు అసలు వెల

వానాకాలం మొదటి వారంలో ఏ ఊరి బజారుకు వెళ్ళినా ఒక దృశ్యం కనబడుతుంది. నడక తప్పని కొలువు చేసే మనిషి ఒకడు చెప్పుల దుకాణం ముందు నిలబడి ఉంటాడు. ఒక చేతిలో రెండు వందల యాభై రూపాయల జత, మరొక చేతిలో ఏడు వందల యాభై రూపాయల జత. ఖరీదైన జతను వంచి చూస్తాడు. కుట్టును గోటితో తడిమి చూస్తాడు. చివరకు దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేసి, చౌక జతను కాగితంలో చుట్టించుకుని వెళ్ళిపోతాడు. నాలుగు నెలలు తిరగకముందే పట్టీ ఊడిపోతుంది, లేదా అడుగు అరిగి మడమ నేలకు తగులుతుంది. మళ్ళీ అదే దుకాణం, అదే బల్ల, అదే సందిగ్ధం.

లెక్క వేసి చూస్తే ఈ బేరంలో నష్టపోయింది ఎవరో తెలుస్తుంది. నాలుగు నెలలకొక జత చొప్పున రెండేళ్ళలో అతడు కొన్నవి ఆరు జతలు, పెట్టిన ఖర్చు పదిహేను వందలు. కుట్టు గట్టిగా ఉన్న మంచి జత ఆ రెండేళ్ళూ మన్నితే, మధ్యలో ఒకసారి అడుగు మార్పించడానికి నూరు రూపాయలు ఇచ్చినా మొత్తం ఎనిమిది వందల యాభైకి మించదు. చౌకగా కొన్నవాడు ఎక్కువ ఇచ్చాడు, పైగా తడి కాళ్ళతో నడిచాడు.

అతడు తెలివితక్కువవాడు కాడు. లెక్క అతడికీ తెలుసు. ఆ పూట జేబులో ఉన్నది మూడు వందలే, అంతే.

ఆంగ్ల రచయిత టెర్రీ ప్రాచెట్ 1993లో ప్రచురించిన ‘మెన్ ఎట్ ఆర్మ్స్’ అనే హాస్య నవలలో కాపలాదళం నాయకుడొకడు తన చిల్లుల బూట్ల గురించి సరిగ్గా ఈ మాటే ఆలోచిస్తాడు. ధనవంతులు ధనవంతులుగా నిలిచి ఉండటానికి ఒక కారణం వారు తక్కువ ఖర్చు చేయగలగడమేనని అతడు తేల్చుకుంటాడు. మన ఉత్తరాది బజార్లలో ఇదే అనుభవం ఎన్నడో సామెతగా మారింది: ఖరీదైనది కొన్నవాడు ఒక్కసారే ఏడుస్తాడు, చౌకది కొన్నవాడు మాటిమాటికీ ఏడుస్తాడు.

అలాగని ప్రతి వస్తువుకూ ఎక్కువ వెల ఇవ్వడం వివేకం కాదు. మధ్యతరగతి సంసారానికి అది సాధ్యమూ కాదు. ఎక్కడ చేయి విప్పాలి, ఎక్కడ బిగించాలి అన్నదే అసలు విద్య. అందుకు మూడు ప్రశ్నలు చాలు.

రోజుకు ఎన్ని గంటలు?

మొదటి ప్రశ్న: ఈ వస్తువు రోజుకు ఎంతసేపు పని చేస్తుంది?

ఇంటి పైకప్పుకు వేలాడే పంకానే తీసుకోండి. పాత తరహా పంకా దాదాపు 75 వాట్ల విద్యుత్తు తీసుకుంటుంది. బి.ఎల్.డి.సి. మోటారు ఉన్న కొత్త తరహా పంకా 30 వాట్ల చుట్టుపక్కల అదే గాలి ఇస్తుంది. రెండింటి వెలకూ మధ్య పదిహేను వందల రూపాయల తేడా ఉందనుకుందాం. కుటుంబమంతా మసలే గదిలో పంకా రోజుకు పదిహేను గంటల చొప్పున ఏడాదికి మూడు వందల రోజులు తిరిగితే, మిగిలే విద్యుత్తు రెండు వందల యూనిట్ల పైమాటే. యూనిట్ అయిదు రూపాయలనుకున్నా ఏడాదికి వెయ్యి రూపాయలు. ఎక్కువ పెట్టిన సొమ్ము ఏడాదిన్నరలో తిరిగి వస్తుంది. ఆపైన వచ్చేదంతా లాభమే.

అదే పంకాను, చుట్టాలు వచ్చినప్పుడు మాత్రమే తెరిచే గదిలో బిగించారనుకోండి. సగటున రోజుకు మూడు గంటలు తిరిగినా ఏడాదికి మిగిలేది రెండు వందల రూపాయలు. పదిహేను వందలు రాబట్టుకోవడానికి ఏడేళ్ళు దాటుతుంది. పంకా ఒకటే, వెల ఒకటే. గది మారేసరికి తెలివైన బేరం కాస్తా దండగ బేరమైంది. పంకాలపై నక్షత్రాల ముద్ర 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. ఆ నక్షత్రాలను చూడటం మంచిదే. దానికి ముందు ఇంటి గదులను ఒకసారి చూసుకోవడం మరీ మంచిది.

రోజులో మూడోవంతు ఒంటికి ఆనుకుని ఉండే పరుపు, కుట్టుపనివారు పొద్దస్తమానం కూర్చునే కుర్చీ, వంటింట్లో పూటపూటా చేతిలో ఉండే కత్తి: ఇవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. పెళ్ళికో పేరంటానికో ఏడాదికి రెండుసార్లు బయటికి తీసే వస్తువు ఈ లెక్కలోకి రాదు. వింత ఏమంటే, మన ఇళ్ళల్లో ధారాళంగా డబ్బు పెట్టేది ఈ రెండవ రకానికే.

చెడితే పోయేది ఏమిటి?

రెండవ ప్రశ్న మరింత గంభీరమైనది: ఈ వస్తువు చెడితే పోయేది వస్తువేనా, మనిషా?

ప్రెషర్ కుక్కరును చూడండి. బయట నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. మూత బిగించిన కుక్కరులో ఆవిరి ఒత్తిడి వల్ల వేడి దాదాపు 120 డిగ్రీలకు చేరుతుంది. పప్పు త్వరగా ఉడకడానికి కారణం అదే. ప్రమాదానికి కారణమూ అదే. ఆవిరి గొట్టంలో మెతుకు అడ్డుపడినా, లోపల నీరు ఇంకిపోయినా, మూతమీది సేఫ్టీ వాల్వులోని లోహం కరిగి ఆవిరిని బయటకు వదలాలి. కరగవలసిన వేడికి కరగడమే ఆ చిన్న బిళ్ళ చేసే ఉద్యోగం. నకిలీ బిళ్ళ చూపులకు అచ్చం అలాగే ఉంటుంది. కరగవలసిన క్షణంలో అది కరుగుతుందో లేదో చెప్పగలవారు లేరు. అసలుకూ నకిలీకీ వెలలో తేడా కొద్ది రూపాయలు.

ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్లకు ఐ.ఎస్. 2347 ప్రమాణం ఉంది. 2021 ఫిబ్రవరి 1 నుంచి ఆ ముద్ర లేకుండా కుక్కర్లు అమ్మడం చట్టవిరుద్ధం. అయినా ముద్ర లేని సరుకు బజారులోకి వస్తూనే ఉంటుంది. దానికి చౌకదనమే ప్రవేశపత్రం.

గ్యాసు పొయ్యికీ సిలిండరుకూ నడుమ ఉండే గొట్టం సంగతీ ఇంతే. లోపల ఉక్కు తీగ అల్లిక ఉన్న సురక్షా గొట్టానికి, వీధి చివర మూరల లెక్కన కోసి ఇచ్చే మామూలు రబ్బరు గొట్టానికి వెలలో తేడా ఒక పూట టిఫిను ఖర్చు. మంచి గొట్టాన్నయినా అయిదేళ్ళకొకసారి మార్చాలి.

ద్విచక్ర వాహనం నడిపేవారి శిరస్త్రాణానిదీ ఇదే కథ. హెల్మెట్టులో ప్రాణం కాపాడేది పైకి నిగనిగలాడే డిప్ప ఒక్కటే కాదు. లోపల థర్మోకోల్ వంటి పొర ఒకటి ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర తాను నలిగి తలను కాపాడుతుంది. రోడ్డు పక్కన గుట్టలు పోసి అమ్మే టోపీల్లో కొన్నింటిలో స్పాంజి ముక్క తప్ప మరేమీ ఉండదు. అవి జరిమానా నుంచి కాపాడతాయేమో గాని తలను కాపాడలేవు. 2021 జూన్ 1 నుంచి ఐ.ఎస్. 4151 ముద్ర లేని హెల్మెట్టు అమ్మకం నిషిద్ధం. ఒక్కసారి గట్టి దెబ్బ తిన్న మంచి హెల్మెట్టునూ మార్చవలసిందే. నలిగిన పొర మళ్ళీ లేవదు.

చెప్పులు కూడా ఒక్కొక్కప్పుడు ఈ వరుసలోకే వస్తాయి. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన వైద్యుడు పాల్ బ్రాండ్ అక్కడ కుష్ఠురోగులకు చికిత్స చేస్తూ ఒక సత్యాన్ని గమనించారు. వారి పాదాలను పాడుచేస్తున్నది రోగం ఒక్కటే కాదు. నొప్పి తెలియకపోవడం కూడా. మేకు గుచ్చుకున్నా, పట్టీ ఒరుసుకున్నా తెలియదు. తెలియకుండానే పుండు పడుతుంది. అటువంటి పాదాలకోసం మెత్తని మైక్రోసెల్యులార్ రబ్బరుతో పాదరక్షలు చేయించడంలో ఆయనా ఆయన సహచరులూ ఎంతో కృషి చేశారు. నేడు వైద్యులు ఎమ్.సి.ఆర్. చెప్పులని రాసి ఇచ్చేవి ఆ కోవలోనివే. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు వాటినే వాడుతున్నారు. ఇక్కడ చౌక చెప్పు అసలు వెల పాదమే కావచ్చు.

మార్చడానికి ఎంత?

మూడవ ప్రశ్న ఇల్లు కట్టించేవారు తప్పక వేసుకోవలసినది: ఇది పాడైతే తీసి మరొకటి పెట్టడానికి ఎంతవుతుంది?

బల్బు మాడితే కుర్చీ ఎక్కి మార్చుకోవచ్చు. గోడలో పూడ్చిన కరెంటు తీగ మాడితే గోడ పగలగొట్టాలి, మళ్ళీ పూత వేయించాలి, రంగు వేయించాలి. తీగలో మిగుల్చుకున్న సొమ్ముకు ఎన్నో రెట్లు ఒక్క మరమ్మతుకే సరిపోతుంది. పైగా సన్నని తీగమీద పెద్ద భారం పడితే అది వేడెక్కుతుంది. వేడెక్కిన తీగ పైతొడుగును కాలుస్తుంది. నిప్పు పుట్టేది అక్కడే. దీపాలకు 1.5 చదరపు మిల్లీమీటర్లు, పెద్ద ప్లగ్గులకు 2.5, శీతలీకరణ యంత్రం వంటివాటికి 4: ఇళ్ళలో సాధారణంగా పాటించే కొలతలివి. నీటి గొట్టాలు, గోడలోపలి కుళాయి భాగాలు, ఇంటికప్పు మీద నీరు ఇంకకుండా వేసే పూత అన్నీ ఈ జాతివే. కంటికి కనిపించని చోట ఉండేవి కావడంతో కట్టేవారికి కోత పెట్టాలనిపించేది మొదట వాటికే. గోడకు వేసే రంగును నాలుగేళ్ళకు మార్చుకోవచ్చు; గోడలోని తీగను అలా మార్చుకోలేము.

వెల వేరు, నాణ్యత వేరు

ఇంతవరకూ చదివి, ఎక్కువ వెలే నాణ్యతకు గుర్తని ఎవరైనా అనుకుంటే దుకాణదారుకు పండుగే. పొట్లంమీది బొమ్మకోసం, ప్రకటనలోని నటుడికోసం ఇచ్చే రూపాయి వస్తువులోకి చేరదు.

ఉప్పులో అయొడిన్ ఉందని పొట్లం మీద రాసి ఉంటే చాలు. దానికి మూడింతలు ఇచ్చినంత మాత్రాన కూరకు మూడింతల రుచి రాదు. మందుల విషయమూ అంతే. జ్వరానికి వాడే పారాసిటమాల్ ఏ పేరుతో అమ్మినా అదే పారాసిటమాల్. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాలు అటువంటి మందులను వ్యాపారనామం లేకుండా తక్కువ ధరకు అమ్ముతున్నాయి. డాక్టరును అడిగి, అదే మందు అదే మోతాదులో తీసుకున్నవారికి సంకోచించవలసిన పని లేదు. ఎదిగే పిల్లల బూట్లు అరిగేలోగా పొట్టివైపోతాయి. వాటికి పదేళ్ళ మన్నిక కొనడం అనవసరం.

మన్నికైనది చౌకగానూ దొరుకుతుందనడానికి సాక్ష్యం వంటింట్లోనే ఉంది. అట్లు పోసే ఇనుప పెనం ఖరీదైన నల్లపూత పెనం కంటే తక్కువకే వస్తుంది. పూత పెనం కొన్నేళ్ళకు గీతలు పడి మూలన చేరుతుంది. ఇనుప పెనం నూనె తాగుతూ నునుపెక్కి, అత్తగారి చేతినుంచి కోడలి చేతికి మారుతుంది.

మరి నాణ్యతను గుర్తించడం ఎలా? వెలను కాదు, వస్తువును చూడాలి. విడిభాగాలు దొరుకుతాయా? విప్పి బాగుచేసే వీలుందా? కుట్టా, అంటింపా? ఐ.ఎస్.ఐ. ముద్ర ఉంటే ప్రమాణం సంఖ్యా, లైసెన్సు సంఖ్యా దానితోపాటు ఉన్నాయా? 1947లో ఏర్పడిన భారతీయ ప్రమాణాల సంస్థ స్థానంలో 1987లో బి.ఐ.ఎస్. వచ్చింది గాని, ముద్ర మాత్రం పాత పేరునే నిలుపుకుంది. ఆ లైసెన్సు సంఖ్య నిజమైనదో కాదో ఇప్పుడు ‘బి.ఐ.ఎస్. కేర్’ అనే ఫోను యాప్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. రసీదు తీసుకుని దాచడం మరువరాదు. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం సంఖ్య 1915. రసీదు లేని ఫిర్యాదును నిలబెట్టడం కష్టం.

జేబులో మూడు వందలే ఉన్నప్పుడు

ఇక మొదటి దుకాణం ముందు నిలబడ్డ మనిషి సంగతి. అతడికి ఈ సలహాలన్నీ చెప్పి, ఏడు వందల యాభై రూపాయల జత కొనుక్కోమనడం తేలిక. మిగతా నాలుగు వందల యాభై ఎక్కడివి?

వాయిదాలమీద కొనడం ఒక మార్గంలా కనిపిస్తుంది. కాని వడ్డీ, రుసుములు కలిపితే మంచి వస్తువు మిగిల్చే లాభాన్ని అప్పే మింగేస్తుంది. పాత చెప్పులు తెగకముందే కొత్తవాటికి కూడబెట్టడం మేలైన మార్గం. ఈ జత నాలుగు నెలలే మన్నుతుందని తెలిసినవాడు, దాన్ని తొడుక్కున్న నాటినుంచే రోజుకు నాలుగు రూపాయలు పక్కన పెడితే, అది తెగేనాటికి నాలుగు వందల ఎనభై చేతిలో ఉంటుంది. చౌక జత కొనుక్కోవడానికి ఎలాగూ తీయవలసిన రెండు వందల యాభైకి దాన్ని కలిపితే ఏడు వందల ముప్ఫై. ఇరవై రూపాయల దూరం.

ఇది కాగితంమీది మాట కాదు. 1990 దశకం తొలి ఏళ్ళలో నెల్లూరు జిల్లా పల్లెల్లో సారా వ్యతిరేక ఉద్యమం సాగించిన స్త్రీలు ఆ వెనువెంటనే పొదుపు సంఘాలుగా ఏర్పడి, రోజుకొక రూపాయి చొప్పున దాచుకున్నారు. వారిలో చాలామంది కూలిపని చేసుకునేవారు. ఒక్కొక్కరి రూపాయి విడిగా దేనికీ చాలదు. పదిమంది రూపాయలు కలిసినప్పుడు, అవసరం వచ్చినవారికి వడ్డీ వ్యాపారి గడప తొక్కవలసిన పని తప్పింది.

ఒక్కసారి ఆ మెట్టు ఎక్కితే తరువాతి మెట్టు సులువు. మంచి జత రెండేళ్ళు మన్నుతుంది. ఆ రెండేళ్ళలో మిగిలిన ఆరు వందల యాభై రూపాయలు మంచి గ్యాసు గొట్టమవుతాయి. గ్యాసు గొట్టం తరువాత మిగిలినది ముద్ర ఉన్న హెల్మెట్టుకు తొలి పొదుపు అవుతుంది. ధనవంతుడికి మొదటినుంచీ అందుబాటులో ఉన్న లెక్క, అప్పటినుంచి అతడికీ అందుతుంది.

వచ్చే వానాకాలంలో అతడు అదే దుకాణం ముందునుంచి నడుస్తాడు. బల్లమీది జతలను ఒకసారి చూసి, తన కాళ్ళవైపు చూసుకుని, ఆగకుండా ముందుకు వెళ్ళిపోతాడు.