పేరులో రాగి, పొట్లంలో మైదా

ఒకప్పుడు మన ఊళ్ళలో బేకరీ అంటే బన్ను, రస్కు, దిల్‌పసంద్, ఎగ్ పఫ్, క్రిస్మస్‌కు ప్లమ్ కేకు. ఇప్పుడు అదే అద్దాల బీరువాలో రాగి కుకీలు, జొన్న బ్రెడ్డు, కొర్రల కేకు, కరివేపాకు బిస్కెట్లు, రసమలాయి కేకు, గులాబ్ జామ్ కేకు కనబడుతున్నాయి. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత ఈ సందడి మరీ ఎక్కువైంది. కొత్త రుచులంటే మాకు కోపం లేదు. వాము వేసిన ఉప్పు బిస్కెట్టు, గ్లాసుడు టీ ఉంటే రాత్రి డ్యూటీ సగం గడిచినట్టే. మాకున్న అభ్యంతరమల్లా ఒక్కటే: వీటిని పథ్యమనుకొని రోగులకు పెట్టడం.

షుగరు ఉన్న రోగిని చూడడానికి వచ్చే బంధువులు ఉత్త చేతులతో రారు. పాపం, ప్రేమతోనే తెస్తారు. వెనుకటికి గ్లూకోజు బిస్కెట్లు తెచ్చేవారు, ఇప్పుడు “షుగర్ ఫ్రీ” రస్కులు, “మల్టీగ్రెయిన్” బిస్కెట్లు తెస్తున్నారు. మందు మారలేదు, ఆసుపత్రి భోజనం మారలేదు, అయినా షుగరు పెరిగిందంటే మేము మంచం పక్కనున్న లాకరు వైపు చూస్తాము. “షుగర్ ఫ్రీయే కదమ్మా” అంటారు. చక్కెర వేయలేదు, నిజమే. కాని మైదా ఉంది. మైదాలోని పిండిపదార్థం అరిగితే అయ్యేది గ్లూకోజే. చక్కెరకు బదులు మాల్టిటాల్ వంటివి వేస్తే అవి ఎక్కువ తిన్నవారికి విరేచనాలు కూడా అవుతాయి. ఆ హెచ్చరిక పొట్లం మీదే సన్నని అక్షరాల్లో ఉంటుంది.

ఇందులో ఇంకొక ప్రమాదం ఉంది. ఇది చాలామందికి తట్టదు. రోగి చాటుగా తిన్న రస్కుల సంగతి డాక్టరుగారికి తెలియదు. షుగరు దిగడం లేదని ఆయన ఇన్సులిన్ మోతాదు పెంచుతారు. రోగి ఇంటికి వెళ్ళిన తరువాత రస్కులు ఉండవు, పెంచిన ఇన్సులిన్ మాత్రం ఉంటుంది. అప్పుడు ఏ తెల్లవారుజామునో చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం. అటువంటి సమయంలో ఇంట్లోవారు షుగర్ ఫ్రీ బిస్కెట్టు నోట్లో పెడితే ప్రయోజనం లేదు. తెలివి ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి వెంటనే త్రాగించాలి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురావాలి. అందుచేత అమ్మా, అయ్యా, తిన్నది ఏదైనా సరే సిస్టరుకు చెప్పండి. మేము కోప్పడము. రాసుకుంటాము, అంతే.

ఇక రాగి బిస్కెట్ల సంగతి. రాగులు మంచివే. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అయితే రాగి పిండికి గోధుమ పిండిలాగా సాగే గుణం లేదు, ఎందుకంటే అందులో గ్లూటెన్ లేదు. ఒట్టి రాగి పిండితో చేస్తే బిస్కెట్టు పొడిపొడి అవుతుంది, బ్రెడ్డు పొంగదు. అందుకని మైదా కలుపుతారు, గొంతు దిగడానికి చక్కెర, నెయ్యి వాసన కోసం ఏదో ఒక కొవ్వు కలుపుతారు. బేకరీవారిని తప్పు పట్టలేము, అది వారి పనిలోని ఇబ్బంది. కొనేవారు పొట్లం వెనక్కి తిప్పి చూడాలి. పదార్థాల పేర్లు ఎక్కువ వేసిన దానితో మొదలుపెట్టి వరుసగా రాయాలని నియమం. మొదట మైదా, తరువాత చక్కెర, ఆ తరువాత పామాయిల్, ఎక్కడో చివర రాగి పిండి 8 శాతమో 10 శాతమో అని ఉంటే అది మైదా బిస్కెట్టే. బ్రౌన్ బ్రెడ్డు మీద 150 అనే అంకె (పక్కన ఎ, సి, డి వంటి అక్షరం ఉండవచ్చు) కనబడితే ఆ గోధుమ రంగులో కొంత కారమెల్ రంగు వల్ల వచ్చింది. చక్కెర 100 గ్రాములకు 25 గ్రాములని రాసి ఉంటే, ఆ 100 గ్రాముల బిస్కెట్లలో అయిదు చెంచాల చక్కెర ఉన్నట్టు. పిల్లలు టీవీ ముందు కూర్చుంటే 100 గ్రాములు ఎంతసేపు!

గుడ్డు లేని కేకు తేలిక అనుకునేవారు కూడా ఉన్నారు. గుడ్డుకు బదులుగా తరచు తియ్యటి చిక్కపాలు పోస్తారు, అంటే ఇంకా చక్కెర. బెల్లం కేకు, ఖర్జూరం కేకు షుగరు రోగికి తీపి కిందే లెక్క. బి.పి. ఉన్నవారు మసాలా బన్ను, చీజ్ బ్రెడ్డు, కారం బిస్కెట్ల దగ్గర జాగ్రత్తపడాలి. వాటిలో ఉప్పే కాక వంటసోడా రూపంలో కూడా సోడియం చేరుతుంది. రోజంతటికీ ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, మించకూడదు. పఫ్ పొరల్లో వేసే కొవ్వు విషయంలో ఒక మేలు జరిగింది. మొత్తం కొవ్వులో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించరాదని 2022 జనవరి నుండి మన దేశంలో నియమం వచ్చింది. అయినా పఫ్ పఫ్ఫే, గుండె రోగికి పనికిరాదు.

మల్టీగ్రెయిన్ బ్రెడ్డు బైబిలులోనే ఉందని ఒక సంఘస్థుడు మాతో వాదించారు. నిజమే, యెహెజ్కేలు ప్రవక్త పలు ధాన్యాలు, పప్పులు ఒకే పాత్రలో కలిపి రొట్టె చేసుకోవలసి వచ్చింది. కాని అది ముట్టడి కాలపు కరవు తిండి, పైగా దినానికి ఇంత అని తూచి తినమన్నారు. ఆ తూకం సంగతి కూడా గుర్తుంచుకుంటే మాకు సంతోషమే.

రోగిని చూడడానికి వచ్చేవారు మరమరాలు, వేయించిన శనగలు, ఒక జామకాయ, లేదా ఇంట్లో కాచిన పలుచని చక్కెర లేని రాగి జావ తేవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవారికైతే అవి కూడా మమ్మల్ని అడిగిన తరువాతే పెట్టండి. క్రిస్మస్‌కు కేకులు చేయించే స్త్రీల సమాజం అక్కలకు కూడా ఒక విన్నపం. కొత్త రుచులు చేయించండి, మాకూ ఒక ముక్క పంపండి. కాని ముక్కలు సగం సైజుకు కోయించండి. వార్డులో పంచేటప్పుడు ముందుగా డ్యూటీ సిస్టరు దగ్గరకు వస్తే ఏ మంచం వారికి పెట్టవచ్చో, ఏ మంచం వారికి కూడదో చీటీ రాసి ఇస్తాము.