గోపురం కట్టేవాడి లెక్క, గేము చేసేవాడి లెక్క

కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినప్పటి నుంచి నూట ఇరవై ఏళ్లు తవ్విన బంగారం ఎవరెవరికో చేరింది. తవ్వినవాళ్ల మనుమలు తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోతున్నారు. గనుల్లోకి దిగినవాళ్లలో ఎక్కువమంది చిత్తూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి వచ్చిన దళితులు. వాళ్లలో చాలా కుటుంబాలు మన సంఘాలవే.

ఆ రైల్లో ఇప్పుడు కోడింగు, యానిమేషన్ నేర్చుకున్న పిల్లలూ ఉంటారు. ఒకరి కింద ఉద్యోగం చేసే బదులు సొంతంగా ఒక వీడియో గేము చేసి అమ్ముకుందామని వాళ్లలో ఎవరైనా అంటే వెంటనే కాదనకండి. వెంటనే చప్పట్లూ కొట్టకండి. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన మాట దీనికీ వర్తిస్తుంది.

కంప్యూటర్ గేములకు పెద్ద అంగడి స్టీమ్. అక్కడ ఒక్కో గేము పెట్టడానికి 100 డాలర్లు కట్టాలి. ఆదాయం 1,000 డాలర్లు దాటితేనే అది తిరిగొస్తుంది. ధర 400 రూపాయలు అనుకుందాం. 18 శాతం జీఎస్టీ తీసేస్తే 339. అందులో స్టీమ్ వాటా 30 శాతం పోతే చేతికి సుమారు 237. మన దేశంలో 500 కాపీలు అమ్ముడైతే వచ్చేది లక్షా 18 వేలు. ఇద్దరు కలిసి రెండేళ్లు చేసిన గేమైతే తలకు నెలకు రెండున్నర వేలు కూడా లేదు. వాపసు వచ్చేవి, సగం ధరకు అమ్మేవి ఇంకా తీయలేదు. ఫోన్ గేముకైతే గూగుల్ ప్లేలో ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు, చిన్నవాళ్ల దగ్గర తీసుకునే వాటా 15 శాతమే. కానీ ఫోన్ గేమును మనవాళ్లు డబ్బిచ్చి కొనేది అరుదు. ప్రకటనల మీద బతకాలంటే లక్షల మంది ఆడాలి.

ప్రతిభకు మన పిల్లల్లో కొదవ లేదు. రెండేళ్లు జీతం లేకుండా ఇల్లు గడిచేది ఎంతమందికి? పుణేలోని నోడింగ్ హెడ్స్ సంస్థ చేసిన 'రాజీ' గేము 2020లో వచ్చి దేశవిదేశాల్లో పేరు తెచ్చుకుంది. అంతకు ముందు 2017లో కిక్‌స్టార్టర్‌లో చందాలు అడిగితే లక్ష్యం చేరలేదు. పని ఆగకుండా ఉండటానికి స్థాపకుల్లో ఒకరు సొంత ఫ్లాటు అమ్మారు. ఆ త్యాగాన్ని తక్కువ చేయను. అయితే అమ్మడానికి ముందు ఫ్లాటు ఉండాలి కదా! గని క్వార్టర్లలో పుట్టి పెరిగినవాళ్లు ఆ ఇంటి కాగితాల కోసమే ఏళ్ల తరబడి తిరిగారు.

ప్రభుత్వ సాయం లేకపోలేదు. కర్ణాటక 2024లో యానిమేషన్, గేమింగ్ రంగానికి కొత్త విధానం ప్రకటించింది. ఎలివేట్ పథకం కింద స్టార్టప్‌లకు 50 లక్షల వరకు గ్రాంటు ఇస్తారు. అది అప్పు కాదు. కంపెనీ నమోదు చేసుకుని మన పిల్లలు దరఖాస్తు పెట్టాల్సిందే. ఎస్సీ, ఎస్టీల కోసం ప్రత్యేకంగా పెట్టిన ఎలివేట్ ఉన్నతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అడ్డం నిలుస్తుంది. సిక్కు దళితులకు 1956లో, బౌద్ధ దళితులకు 1990లో తలుపు తెరిచారు. మనకు ఇంకా మూసే ఉంది. ఇద్దరి తాతలూ ఒకే షాఫ్టులో దిగి, ఒకే దుమ్ము పీల్చారు. మనుమల్లో ఒకడు ఎస్సీ, బాప్తిస్మం తీసుకున్నందుకు రెండోవాడు కాదు.

ఆ పోరాటం తెగేదాకా సంఘాలు చేతులు కట్టుకుని కూర్చోవాలా? కన్వెన్షన్లకు, సౌండ్ సిస్టాలకు చందాలెత్తడం మనకు బాగా వచ్చు. కరెంటు, నెట్ ఉన్న చర్చి గది వారంలో ఆరు రోజులు తాళం వేసే ఉంటుంది. ఇద్దరు ముగ్గురికి దాన్ని తెరవండి. ఆరు నెలలు భోజనానికి, చేతి ఖర్చుకు సరిపడా ఇవ్వండి. బైబిలు కథే చేయాలని షరతు పెట్టకండి. గేములంటే జూదమేనని కొందరు పెద్దలు అంటారు. రమ్మీ యాప్‌ల వల్ల ఇళ్లు కూలిన మాట నిజమే, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది కూడా. మన పిల్లలు చేయాలనుకునేది కథ చెప్పే ఆట. దానికీ దీనికీ పోలిక లేదు.

పిల్లలకూ ఒక మాట. మొదటి గేమే రెండేళ్లది వద్దు, ఆరు నెలల్లో ముగిసేది చేయండి. గోడో లాంటి ఉచిత ఇంజిన్లు ఉన్నాయి. వారంలో సగం రోజులు ఇతరుల గేములకు బొమ్మలు గీసి, కోడ్ రాసి కూలి తెచ్చుకోండి, అందులో చిన్నతనం లేదు. 1997లో బెంగళూరులో మొదలైన ధ్రువ సంస్థ కూడా విదేశీ కంపెనీలకు పని చేసిపెట్టే ఎదిగింది.

మీ సొంత గేము హక్కుల దగ్గర మాత్రం మొండిగా ఉండండి. సైనైడ్ దిబ్బల దగ్గర షూటింగు జరిపి, మన ఊరి పేరు పెట్టుకున్న సినిమా రెండో భాగం 2022లో వెయ్యి కోట్లు దాటి వసూలు చేసింది. ఆ దిబ్బల దుమ్ము మాత్రం ఇక్కడే ఉంది. పబ్లిషరు ముందుగా డబ్బిస్తానంటే మూడు సంగతులు అడగండి. గేము పేరు, పాత్రలు, కోడ్ ఎవరి సొత్తు? తానిచ్చిన డబ్బంతా రాబట్టుకున్నాకే మీ వాటా మొదలవుతుందా? హక్కులు ఎన్నేళ్లకు మీ చేతికి తిరిగొస్తాయి? ఇంగ్లీషు కాగితం అర్థం కాకపోతే సంతకం పెట్టకండి. మన సంఘాల్లో లాయర్లు ఉన్నారు, ఆదివారం ఆరాధన అయ్యాక పట్టుకుని చదివించుకోండి.