ఆరాధన వేఱైనచో బంతియు వేఱా?

తమిళనాట స్థిరపడిన మన తెలుగు క్రైస్తవులు తమ భాషలో ప్రత్యేకముగా ఆరాధన జరుపుకొనుటను మేము సమర్థింతుము. మాతృభాషలో ప్రార్థించుట హక్కు. కాని పండుగ విందులో తమిళులకొక బంతి, తెలుగువారికొక బంతి యేల? సమాధుల తోటలో హద్దురాళ్లేల? ఇది భాషాభిమానము కాదు, దురభిమానము.

అజరయ్యగారు తిరునెల్వేలి సీమ తమిళులు. తెలుగు నేర్చి, మన పల్లెలలో తిరిగి, 1912లో డోర్నకల్ బిషప్పు అయిరి. ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ బిషప్పు వారే. 1910లో ఎడింబరో మహాసభయందు, మిషనరీలు త్యాగము చేసిరి గాని స్నేహము నీయలేదని దొరల యెదుటనే పలికిరి. ఆ మాట నేడు మనకే తగులుచున్నది. తమిళుడొకడు తెలుగునాటికి పోయి మనవాడాయెను. తమిళనాటికి వచ్చిన మనము వారికేమైతిమి?

1947లో ఆంగ్లికనులు, మెథడిస్టులు మున్నగువారు దక్షిణ ఇండియా సంఘముగా ఏకమైరి. ఒక్క వీథివారము మనము కలియలేమా?

తమిళుల పిలుపు రాలేదని పొరుగింటి పెద్ద అంత్యక్రియలకు మేమును పోకయుంటిమి. చావునకు పిలుపేమి? తప్పు మాదే. రానున్న క్రిస్మసునకు ముందుగా మనమే పిలుతము; ఒకే బంతిని కూర్చుందము.