రిజిస్ట్రేషన్ అయింది సరే, స్థలం ఎవరిది?

‘‘రిజిస్ట్రేషన్ అయిపోయిందిగా, ఇంకేం భయం?’’ స్థలం కొన్నవాళ్లలో చాలామంది అనే మాట ఇది. వేలిముద్రలు వేసి, ఫొటో దిగి, దస్తావేజు చేతికొచ్చాక నిశ్చింతగా ఇంటికెళ్తారు. అసలు అమ్మినవాడికి ఆ హక్కు ఉందా అన్నది మాత్రం సబ్ రిజిస్ట్రార్ తేల్చడు. అది ఆయన పని కాదు. సంతకం పెట్టింది సదరు మనిషేనా, స్టాంపు సుంకం సరిపోయిందా, భూమి నిషేధిత జాబితాలో ఉందా... ఆయన చూసేది ఇంతవరకే. తమిళనాడు నిబంధన ఒకదాన్ని కొట్టేస్తూ 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది: 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద అమ్మేవాడి హక్కును విచారించే అధికారం రిజిస్టరు చేసే అధికారికి లేదు.

మామూలు అమ్మకానికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సుంకాలు, ఫీజులు కలిపి 7.5 శాతం కట్టాలి. 50 లక్షల స్థలానికి 3.75 లక్షలు. అంత సొమ్ము తీసుకుని, హక్కు సంగతి మీరే చూసుకోండి అనడం అన్యాయమనే నేనంటాను. కానీ చట్టం మారేదాకా చూసుకోవాల్సింది మనమే.

హైదరాబాద్ శివార్లలో తరచూ జరిగేది చూడండి. ఎనభైల్లో ఒక రైతు తన పొలాన్ని ప్లాట్లు చేసి అమ్మాడు. కొన్నవాళ్లు రిజిస్ట్రేషన్ చేయించుకుని, కాగితాలు బీరువాలో పెట్టి, ఉద్యోగాలకు వెళ్లిపోయారు. రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పించే మ్యుటేషన్ ఎవరూ చేయించలేదు. పహాణీలో రైతు పేరు అలాగే ఉండిపోయింది. ధరలు కోట్లకు చేరాక వారసులు అదే పేరు చూపించి పాసు పుస్తకం తెచ్చుకుని, భూమిని ఎకరాల లెక్కన మళ్లీ అమ్మేశారు. రెండోసారి కొన్నాయన ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీశాడు, సర్వే నంబరు ఒక్కటే ఇచ్చి. పాత దస్తావేజుల్లో కొన్ని ప్లాటు నంబర్ల మీద ఉన్నాయి. అవి అందులో కనపడలేదు. ఇప్పుడు ఇద్దరి చేతుల్లోనూ రిజిస్టరైన దస్తావేజులే. చట్టం మామూలుగా ముందు కొన్నవాడి పక్షమే. అయితే కోర్టులో అది తేలేలోపు అక్కడ ప్రహరీ ఎవరు కట్టారన్నదే ఊళ్లో లెక్క.

కాబట్టి ఈసీ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. వీలునామా అందులో కనపడదు. రిజిస్టరు కాని అగ్రిమెంటు, అన్నదమ్ముల నోటి పంపకం కూడా అంతే. కోర్టులో దావా నడుస్తున్నా చాలాసార్లు అందులో తెలియదు. లింకు డాక్యుమెంట్లన్నీ వరసగా తెప్పించి, పహాణీ లేదా అడంగల్‌తో సరిచూడాలి. ఆ తర్వాత సర్వేయరుతో హద్దులు కొలిపించి, పక్క పొలం ఆసామితో మాట్లాడాలి. ఊళ్లో నిజం ముందుగా తెలిసేది ఆయనకే.

ఉమ్మడి ఆస్తయితే ఆడపిల్లల సంతకాలు అడగండి. ‘‘కట్నం ఇచ్చేశాం, వాళ్లకేం సంబంధం’’ అని ఇప్పటికీ దబాయిస్తారు. 2005 సవరణతో కూతురు కొడుకుతో సమానమైంది. తండ్రి అంతకుముందే పోయినా ఆ హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ సంతకం లేకుండా కొంటే దావాను కూడా కొన్నట్టే.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), నోటరీ కాగితాల మీద కొనడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వాటితో యాజమాన్యం బదిలీ కాదని అదే కోర్టు 2011లోనే చెప్పింది. అసైన్డ్ భూమా, ఏజెన్సీ ప్రాంతమా అన్నది బయానా ఇవ్వకముందే తేల్చుకోవాలి. ఏజెన్సీలో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుల పేరిట కొనుగోలు చెల్లదు.

ఇక ఇప్పటికే స్థలం ఉన్నవాళ్లకు, ముఖ్యంగా డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉంటూ ఊళ్లో ప్లాటు భద్రంగా ఉందనుకునేవాళ్లకు ఒక మాట. ఈ వారమే మీ స్థలానికి ఈసీ తీయించండి, సర్వే నంబరుతో ఒకటి, ప్లాటు నంబరుతో ఒకటి. రికార్డుల్లో ఇంకా పాత యజమాని పేరే ఉంటే మ్యుటేషన్‌కు వెంటనే దరఖాస్తు పెట్టండి.